లెవెల్ 15: ఊరంతటి నెట్‌వర్క్ తాళం ఒక్కడి దగ్గరే ఉంటే

ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. కానీ భయపడకండి, ఇందులో పోలీసులున్నారు, జైలుంది, చివర్లో ఒక మేయర్ కూడా వస్తాడు. నెట్‌వర్కింగ్ అస్సలు తెలియకపోయినా పర్లేదు, మధ్యలో చెప్తూ వెళ్తాను.

2008 జూలై. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో. ఆ నగర ప్రభుత్వానికి ఫైబర్‌వాన్ అనే సొంత నెట్‌వర్క్ ఉండేది. ఉద్యోగుల ఈమెయిళ్లు, జీతాల లెక్కలు, పోలీసు రికార్డులు, జైలు బుకింగులు, ఇలా నగర ప్రభుత్వ ట్రాఫిక్‌లో సగానికి పైగా దాని మీదే నడిచేది. ఆ జూలైలో ఆ నెట్‌వర్క్ ఆగిపోలేదు. మెయిళ్లు వెళ్తున్నాయి, జీతాల సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది. పైనుంచి చూస్తే అంతా మామూలే. కానీ ఆ నెట్‌వర్క్‌ని నడిపే స్విచ్‌లు, రౌటర్లలోకి లాగిన్ అయ్యి ఒక్క సెట్టింగ్ మార్చగలిగేవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు. మార్చగలిగిన ఒకే ఒక్క మనిషి జైల్లో ఉన్నాడు. పాస్‌వర్డ్ చెప్పట్లేదు.

అతని పేరు టెర్రీ చైల్డ్స్. హ్యాకరేమో అనుకుంటారు. కాదు. బయటి నుంచి దూరినవాడు కానే కాదు. ఆ నెట్‌వర్క్‌ని కాన్ఫిగర్ చేసిందీ, రోజూ కంటికి రెప్పలా చూసుకున్నదీ అతనే. నగర ప్రభుత్వంలో జీతం తీసుకునే నెట్‌వర్క్ ఇంజినీర్. సిస్కో ఇచ్చే సర్టిఫికెట్లలో చాలా కష్టమైన సీసీఐఈ ఉన్న మనిషి.

అసలు ఒక్క మనిషి చేతికి అంత అధికారం ఎలా వచ్చింది? ఇది తెలియాలంటే ఇంకో ప్రశ్న దగ్గరికి వెళ్లాలి. "నువ్వు మామూలు యూజర్‌వి, నువ్వు అడ్మిన్‌వి" అని తేడా చూడడం మెషీన్‌కి ఎవరు నేర్పారు? ఆ నేర్పినవాళ్లు ఏం మర్చిపోయారు?

దీని కోసం 1960ల మొదట్లోకి వెళ్దాం. ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో అనే ఆయన టీమ్ సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ కట్టింది. అప్పటిదాకా కంప్యూటర్ అంటే ఒకసారికి ఒకళ్ల పని. సీటీఎస్ఎస్‌లో చాలామంది ఒకే కంప్యూటర్‌ని ఒకే టైంలో వాడుకోవచ్చు. మరి అందరి ఫైళ్లూ ఒకే చోట ఉంటే ఎవరిది ఎవరికి కనపడకూడదు? అందుకని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డ్ పెట్టారు. కంప్యూటర్ పాస్‌వర్డ్ మొదలైన చోట్లలో ఇదొకటి.

అది ఎక్కువ కాలం నిలవలేదులెండి. 1962లో అలన్ షెర్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్‌కి తనకిచ్చిన కంప్యూటర్ టైం సరిపోలేదు. ఏం చేశాడంటే, పాస్‌వర్డ్‌ల ఫైల్‌ని ప్రింట్ చేయమని సిస్టమ్‌నే అడిగాడు. సిస్టమ్ చక్కగా ప్రింట్ తీసి ఇచ్చింది! ఈ సంగతి ఆయనే దశాబ్దాల తర్వాత బయటపెట్టాడు. 1966లో ఇంకో వింత. ఒక అడ్మిన్ పాస్‌వర్డ్ ఫైల్‌ని ఎడిట్ చేస్తున్నాడు. అదే టైంలో ఇంకో అడ్మిన్, లాగిన్ అవగానే అందరికీ కనిపించే ఆ రోజు మెసేజ్‌ని ఎడిట్ చేస్తున్నాడు. ఎడిటర్ వాడే టెంపరరీ ఫైల్ పేరు ఇద్దరికీ ఒకటే అయిపోయింది. దాంతో ఫైళ్లు తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతివాడికీ శుభోదయానికి బదులు అందరి పాస్‌వర్డ్‌లూ స్క్రీన్ మీద వచ్చాయి.

ఈ రెండో కథలో ఒకటి గమనించండి. తప్పు చేసింది దొంగ కాదు. ఇద్దరు అడ్మిన్లు, ఇద్దరూ తమ పనే చేస్తున్నారు. చేతిలో పూర్తి అధికారం ఉంది కాబట్టి చిన్న పొరపాటు కూడా అందరి నెత్తినా పడింది.

అందుకే తర్వాత వచ్చిన సిస్టమ్‌లలో ఒక తెలివైన ఆలోచన కనిపిస్తుంది. బీబీఎన్ కంపెనీ చేసిన టెనెక్స్, దాని నుంచి డీఈసీ కంపెనీ 1970లలో తెచ్చిన టాప్స్-20 అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఇందులో పెద్ద అధికారం ఉన్న యూజర్‌ని "వీల్" అనేవారు. మనం "పెద్ద తలకాయ" అంటాం చూడండి, ఇంగ్లిష్ యాసలో వాళ్లు "బిగ్ వీల్" అంటారు, అదన్నమాట. ఫెడోరానో రెడ్ హ్యాటో వాడేవాళ్లు ఇప్పుడు నవ్వుకుంటున్నారని తెలుసు. మీ లినక్స్‌లో ఇప్పటికీ ఉన్న వీల్ గ్రూప్ పేరు ఆ కాలం నుంచి వచ్చిందే.

టాప్స్-20లో అసలు విశేషం ఏంటంటే, మీరు వీల్ అయినా సరే, లాగిన్ అవగానే ఆ అధికారం మీ చేతిలో ఉండదు. మామూలు యూజర్ లాగే ఉంటారు. పెద్ద పని చేయాల్సి వచ్చినప్పుడు "ఎనేబుల్" అని టైప్ చేయాలి. అప్పుడు స్క్రీన్ మీద ప్రాంప్ట్ గుర్తు మారుతుంది. అప్పటిదాకా ఎట్ గుర్తు ఉన్న చోట డాలర్ గుర్తు వస్తుంది. అంటే, "బాబూ, ఇప్పుడు నీ చేతిలో కత్తి ఉంది, చూసి తిప్పు" అని మెషీన్ గుర్తు చేస్తోందన్నమాట.

అమీర్‌పేట్‌లో సీసీఎన్ఏ కోచింగ్‌కి వెళ్లినవాళ్లకి, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ మెటీరియల్ కొని చదివినవాళ్లకి ఇప్పటికే లైట్ వెలిగి ఉంటుంది. ఎనేబుల్! సిస్కో స్విచ్ ముందు కూర్చోగానే మనం కొట్టే మొదటి కమాండ్ అదే కదా. బాణం ములికి లాంటి గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది. క్వశ్చన్ మార్క్ కొడితే హెల్ప్ వస్తుంది. కమాండ్ పూర్తిగా రాయక్కర్లేదు, "కాన్ఫ్ టి" అంటే చాలు. ఇదంతా టాప్స్-20 అలవాటే.

ఆ అలవాటు అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందంటే, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ద్వారా. అక్కడ వేర్వేరు డిపార్ట్‌మెంట్ల కంప్యూటర్లు చూసుకునే లియోనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ అనే దంపతులు 1984 డిసెంబర్‌లో సిస్కో పెట్టారు. ఆ యూనివర్సిటీలో డీఈసీ మెషీన్లు, టాప్స్-20 రోజూ వాడేవాళ్లు. సిస్కో మొదటి రౌటర్ సాఫ్ట్‌వేర్‌కి మూలం స్టాన్‌ఫర్డ్‌లో విలియం యేగర్ రాసిన కోడ్. దాని మీద యూనివర్సిటీకీ వీళ్లకీ పెద్ద గొడవ జరిగి, చివరికి 1987లో స్టాన్‌ఫర్డ్ లైసెన్స్ ఇచ్చింది. ఆ గొడవ ఒక్కటే ఒక ఎపిసోడ్ అవుతుంది, ఇంకోసారి. స్విచ్‌ల వ్యాపారంలోకి సిస్కో వచ్చింది 1993లో, క్రెసెండో అనే కంపెనీని కొన్నాక.

స్విచ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మీ కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఒక మూల ర్యాక్‌లో, నీలం రంగు వైర్లు గుచ్చి, పచ్చ లైట్లు టకటకా వెలుగుతూ ఉండే డబ్బా ఉంటుంది చూడండి, అదే స్విచ్. అందరి కంప్యూటర్లూ దానికే కలుస్తాయి. దాన్ని ఎవరు కంట్రోల్ చేస్తే ఆ ఆఫీసులో ఎవరు ఎవరితో మాట్లాడాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఏ పోర్ట్ పనిచేయాలి, ఏది ఆగాలి, ఎవరి ట్రాఫిక్ కాపీ తీసి ఇంకో చోటికి పంపాలి, అన్నీ.

అందుకని సిస్కో డబ్బాల్లో అధికారాన్ని 16 మెట్లు చేశారు. లెవెల్ 0 నుంచి లెవెల్ 15 దాకా. 0లో ఉన్నవాడికి దాదాపు ఏమీ రాదు. ఎనేబుల్, డిసేబుల్, ఎగ్జిట్, హెల్ప్, లాగౌట్, ఐదే కమాండ్లు. గుమ్మం దగ్గర నిలబడినట్టు. లెవెల్ 1 మామూలు యూజర్. కొన్ని విషయాలు చూడొచ్చు, ఏదీ మార్చలేడు. లెవెల్ 15 అంటే సర్వాధికారి. అన్నీ చూడొచ్చు, అన్నీ మార్చొచ్చు, మొత్తం తుడిచేయొచ్చు కూడా.

మరి 2 నుంచి 14 వరకు? ఖాళీ! నిజంగా ఖాళీ. కంపెనీ ఆ మెట్లు కట్టి వదిలేసింది. ఏ మెట్టు మీద ఏ కమాండ్ పెట్టాలో మీరే నింపుకోవాలి. ఉదాహరణకి హెల్ప్‌డెస్క్ కుర్రాడికి పోర్ట్ రీస్టార్ట్ చేసే పని మాత్రం ఇవ్వాలి అనుకోండి. లెవెల్ 7 అని ఒకటి తయారుచేసి, దానికి కావాల్సిన కమాండ్లు అక్కడికి దింపి, ఆ కుర్రాడి యూజర్‌నేమ్‌కి 7 అని రాస్తారు.

వినడానికి బాగుంది. చేసేటప్పుడు చిరాకు పుడుతుంది. "షో ఐపీ రౌట్" అనే కమాండ్‌ని లెవెల్ 15కి ఎక్కిస్తే, దాంతోపాటు "షో" అని మొదలయ్యేవి, "షో ఐపీ" అని మొదలయ్యేవి కూడా పైకి వెళ్లిపోతాయి. విడిగా కిందికి దింపితే తప్ప రావు. ఇంకా తమాషా, లెవెల్ 7 కుర్రాడికి "షో రన్నింగ్ కాన్ఫిగ్" ఇచ్చారనుకోండి, అంటే స్విచ్ సెట్టింగులన్నీ చూసే కమాండ్. వాడు అది కొడితే దాదాపు ఖాళీ పేజీ వస్తుంది. ఎందుకంటే ఏ లెవెల్‌లో ఉన్నవాడికి ఆ లెవెల్‌లో మార్చగలిగిన లైన్లే కనిపిస్తాయి. సెక్యూరిటీ పరంగా అది సరైనదే. పాపం ఆ కుర్రాడు మాత్రం స్విచ్ పాడైందేమో అనుకుంటాడు.

ఇలాంటి తలనొప్పి ఎందుకని చాలా ఆఫీసుల్లో ఏం చేస్తారంటే, అందరికీ 15 ఇచ్చేస్తారు. లేదా ఒక్కడికే 15 ఇచ్చి మిగతావాళ్లకి ఏమీ ఇవ్వరు. మధ్యలో 14 మెట్లున్నా మనుషులు మాత్రం కింది గుమ్మం దగ్గరో, డాబా మీదో. డిజైన్‌లో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. మధ్య మెట్లు వాడడం కష్టంగా ఉంటే వాటిని ఎవరూ వాడరు. సిస్కో తర్వాత, 2000లలో, వ్యూలు అని ఇంకో పద్ధతి తెచ్చింది. ఒక్కో ఉద్యోగానికి ఏమేం కనిపించాలో విడిగా రాసుకోవచ్చు. అది కొంత నయం.

ఇంకో చిక్కుంది, లెవెల్స్ కన్నా పెద్దది. పాత రోజుల్లో ఎనేబుల్ పాస్‌వర్డ్ అంటే ఒక్కటే. టీమ్‌లో పదిమంది ఉంటే పదిమందికీ అదే. స్విచ్‌కి తెలిసేది "ఎవరో లెవెల్ 15లోకి వచ్చారు" అని మాత్రమే. వచ్చింది ఎవరో తెలియదు. రాత్రి రెండింటికి ఎవరో ఒక పోర్ట్ ఆపేస్తే, పొద్దున పదిమందీ "నేను కాదు" అంటారు. వాళ్లలో ఒకడు ఉద్యోగం మానేస్తే వందల డబ్బాల్లో పాస్‌వర్డ్ మార్చాలి. మార్చరు, అది వేరే సంగతి. ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న "సిస్కో", "క్లాస్" అనే పాస్‌వర్డ్‌లనే నిజం ఆఫీసుల్లోనూ పెట్టేసేవాళ్ల సంగతి అసలు అడక్కండి.

పైగా ఆ పాస్‌వర్డ్‌ని దాచే పద్ధతి కూడా మొదట్లో నామమాత్రమే. టైప్ 7 అంటారు. చూస్తే గజిబిజి అంకెల్లా ఉంటుంది. కానీ ప్రతి సిస్కో డబ్బాలోనూ దాని తాళం చెవి ఒకటే, ఎప్పుడూ మారదు. దాన్ని విప్పే ప్రోగ్రామ్‌లు 90లలోనే బయటికి వచ్చేశాయి. గట్టిగా ప్రయత్నించేవాడిని ఆపడానికి అది పెట్టలేదని, పక్కనుంచి తొంగి చూసేవాడి కోసమేనని సిస్కోనే చెప్పింది. ఆ తర్వాతే ఎనేబుల్ సీక్రెట్ అని గట్టిది వచ్చింది.

"ఎవరు?" అనే ప్రశ్నకి జవాబు ఇంకో వైపు నుంచి వచ్చింది. అదే 1984లో, అమెరికా మిలిటరీ నెట్‌వర్క్ మిల్‌నెట్ కోసం బీబీఎన్‌లో టాకాక్స్ అనే పద్ధతి తయారైంది. డబ్బాలోనే పాస్‌వర్డ్ పెట్టే బదులు, ఎవరైనా లాగిన్ అవబోతే ఆ డబ్బా వెళ్లి ఒక సర్వర్‌ని అడుగుతుంది, "వీణ్ని రానివ్వాలా?" అని. 1990ల్లో సిస్కో దీన్ని తిరగరాసి టాకాక్స్ ప్లస్ చేసింది. ఇందులో ప్రతి మనిషికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్. అంతేకాదు, కావాలంటే కొట్టే ప్రతి కమాండ్‌కీ "వీడికి ఇది చేసే హక్కు ఉందా?" అని సర్వర్‌ని అడిగేలా పెట్టొచ్చు. కొట్టిన ప్రతి కమాండ్ టైంతో సహా లాగ్‌లోకి ఎక్కుతుంది. నువ్వెవరు, నీకేం హక్కుంది, నువ్వేం చేశావు. ఇందులో ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలయ్యాయి.

కానీ ఆ సర్వర్ పడిపోతే? అసలు పాస్‌వర్డ్ తెలిసినవాడే లేకుండా పోతే? దానికీ ఒక దారి పెట్టారు. పాస్‌వర్డ్ రికవరీ. డబ్బా దగ్గరికి స్వయంగా వెళ్లి, కన్సోల్ కేబుల్ పెట్టి, పవర్ తీసి మళ్లీ ఇచ్చి, ఆ బూట్ అయ్యే కొద్ది క్షణాల్లో బ్రేక్ కీ నొక్కాలి. రౌటర్ అయితే రిజిస్టర్ విలువని 2142కి మారుస్తాం, అప్పుడది సేవ్ చేసిన సెట్టింగులు చదవకుండా లేస్తుంది. క్యాటలిస్ట్ స్విచ్ అయితే ముందున్న మోడ్ బటన్ పట్టుకుని ఉండాలి. ఆ తర్వాత పాత సెట్టింగులు లోపలికి తెచ్చుకుని పాస్‌వర్డ్ మార్చేయొచ్చు.

ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది, చూశారా? డబ్బాని చేత్తో ముట్టుకోగలిగినవాడే దానికి ఓనర్ అని. ఇంటి తాళం పోతే ఇంటాయన తలుపు పగలగొట్టుకోవచ్చు కదా, అలా. ఫైబర్‌వాన్ కథ మెలి తిరిగేది సరిగ్గా ఇక్కడే.

చైల్డ్స్ చూసుకునే డబ్బాలు ఊరంతా రకరకాల ఆఫీసుల్లో ఉన్నాయి. ఎవడైనా ఒక గదిలోకి వెళ్లి కేబుల్ పెట్టి పాస్‌వర్డ్ మార్చేస్తే? అందుకని అతను చాలా చోట్ల పాస్‌వర్డ్ రికవరీనే ఆపేశాడు. సిస్కోలో దానికి ఒక కమాండ్ ఉంది, ఒక్క లైన్. అది ఉంటే, రికవరీ చేయబోయినవాడికి డబ్బా దక్కుతుంది కానీ లోపలి సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. ఇంకొన్ని డబ్బాల్లో సెట్టింగులు శాశ్వత మెమరీలో లేకుండా చేశాడు. కరెంట్ పోతే అంతే, ఖాళీ డబ్బా. సెక్యూరిటీ పుస్తకం ప్రకారం మొదటి పనిని సమర్థించుకోవచ్చు. రెండోది చాలా దూరం వెళ్లడమే అని నా అభిప్రాయం. రెండూ కలిపితే ఏమైందో చూడండి. డబ్బాలు ప్రభుత్వానివి, గదులు ప్రభుత్వానివి, కరెంట్ బిల్లు ప్రభుత్వానిది. కానీ ముట్టుకుంటే పోతుంది. పాస్‌వర్డ్ అతని బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

మన ఊళ్లలో పాతకాలం కరణం గారి గురించి పెద్దవాళ్లు చెప్తుంటారు చూడండి. ఊరి భూముల లెక్కంతా ఆయన చేతిలోనే. భూమి మనదే, కానీ మనదని చెప్పే కాగితం ఆయన దగ్గర ఉంటుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసింది. నాకు ఫైబర్‌వాన్ గురించి చదివినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

2008 నాటికి చైల్డ్స్‌కీ పైఅధికారులకీ పడట్లేదు. జూలై 9న అతన్ని ఒక మీటింగ్‌కి పిలిచారు. ఆ గదిలో పైఅధికారి ఉన్నాడు, హెచ్ఆర్ ఉన్నారు, పోలీసులున్నారు. స్పీకర్ ఫోన్‌లో అవతల ఇంకొందరు వింటున్నారు. పాస్‌వర్డ్‌లు చెప్పమన్నారు. అతను చెప్పినవి పనిచేయలేదు. కొద్ది రోజుల్లోనే అరెస్ట్. బెయిల్ 50 లక్షల డాలర్లు! మామూలుగా హత్య కేసుల్లో వినే అంకె ఇది.

అతని వాదన ఏంటంటే: పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పకూడదని రూల్ ఉంది. అడిగినవాళ్లకి ఆ నెట్‌వర్క్ నడిపే అర్హత లేదు. గదినిండా మనుషులు, ఫోన్‌లో ఎవరెవరో, వాళ్ల ముందు గట్టిగా పాస్‌వర్డ్ చదవాలా?

నిజం చెప్పాలంటే ఇందులో చివరి ముక్క నాకు సబబుగానే అనిపిస్తుంది. స్పీకర్ ఫోన్‌లో రూట్ పాస్‌వర్డ్ అడగడం ఏ సెక్యూరిటీ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. కానీ మిగతాది నాకు మింగుడుపడదు. ఎందుకో చెప్తాను. తన పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండానే అతను ఆ సమస్య తీర్చేయొచ్చు. ఇంకొకరి పేరు మీద లెవెల్ 15 అకౌంట్ ఒకటి క్రియేట్ చేయడం సిస్కోలో ఒక్క లైన్ పని. యూజర్‌నేమ్, ప్రివిలేజ్ 15, సీక్రెట్. అయిపోయింది. పాస్‌వర్డ్ పంచుకోవడం వేరు, అధికారం పంచుకోవడం వేరు. మొదటిది తప్పు, రెండోది ఉద్యోగంలో భాగం. సీసీఐఈ ఉన్న మనిషికి ఇది తెలియదంటే ఎవరూ నమ్మరు.

అలాగని అధికారులని వదిలేయలేం. అంత పెద్ద నెట్‌వర్క్‌లో రెండో మనిషికి 15 ఎందుకు లేదు? ఎవరూ అడగలేదా? పని సాఫీగా నడుస్తున్నంత కాలం "చైల్డ్స్ చూసుకుంటాడులే" అనుకున్నారు. పడకపోయిన రోజున పోలీసులని పిలిచారు.

జూలై 21న మేయర్ గావిన్ న్యూసమ్, తర్వాత కాలిఫోర్నియా గవర్నర్ అయ్యాడు కదా, ఆయనే, స్వయంగా జైలుకి వెళ్లాడు. చైల్డ్స్ పాస్‌వర్డ్‌లు ఆయన చేతికే ఇచ్చాడు. ఒక మహానగరం మేయర్ జైలు గదిలో స్విచ్ పాస్‌వర్డ్‌లు రాయించుకోవడం! సినిమాలో పెడితే లాజిక్ లేదంటాం.

ఇంకా విచిత్రం ఆ వారంలోనే జరిగింది. చైల్డ్స్ ఎంత ప్రమాదకరమో చూపించడానికి ప్రాసిక్యూటర్లు కోర్టులో ఒక కాగితం దాఖలు చేశారు. అందులో నగర ప్రభుత్వ విభాగాలు వీపీఎన్‌కి వాడే దాదాపు 150 యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. కోర్టు రికార్డ్ అంటే ఎవరైనా చూడొచ్చు. అంటే పాస్‌వర్డ్ దాచాడని ఒకణ్ని జైల్లో పెట్టి, ఆ కేసులోనే పాస్‌వర్డ్‌లు బయటపెట్టుకున్నారు. 1966లో ఎంఐటీ స్క్రీన్ మీద వచ్చిన లిస్టు గుర్తుందా? అదే కథ, ఈసారి కోర్టు ఫైల్‌లో.

విచారణ సాగి సాగి 2010 ఏప్రిల్ దాకా వచ్చింది. మొదట నాలుగు అభియోగాలు పెట్టారు, మూడు మధ్యలోనే కొట్టేశారు. మిగిలింది ఒకటే: అధికారం ఉన్న యూజర్‌కి కంప్యూటర్ సేవ అందకుండా చేశాడని. ఇక్కడ పెద్ద లాయర్ల గొడవ. నెట్‌వర్క్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు కదా, మరి సేవ అందకపోవడం ఏంటి? జ్యూరీ ఏమందంటే, నెట్‌వర్క్‌ని అడ్మినిస్టర్ చేయగలగడం కూడా ఒక సేవే. దాని ఓనర్‌కి అది అందకుండా పోయింది. జ్యూరీలో ఒకాయన అచ్చం చైల్డ్స్ లాగే నెట్‌వర్క్ ఇంజినీర్, సీసీఐఈ కూడా! అంటే ఆ గదిలో టెక్నికల్ సంగతులు తెలియక తీర్పు ఇచ్చారనే మాట చెల్లదు. నగర అధికారులు సరిగ్గా వ్యవహరించలేదని ఆయన తర్వాత చెప్పాడు. అయినా దోషి అనే ఓటేశాడు.

ఆగస్టులో నాలుగేళ్ల శిక్ష పడింది. తర్వాత దాదాపు 15 లక్షల డాలర్లు నగరానికి కట్టమని కోర్టు ఆదేశించింది. ఈ చట్టం బయటి హ్యాకర్ల కోసం, ఉద్యోగుల కోసం కాదు అని చైల్డ్స్ అప్పీల్‌కి వెళ్లాడు. 2013లో అప్పీల్ కోర్టు కుదరదంది. లోపల పనిచేసేవాడైనా, ఇచ్చిన అధికారాన్ని ఓనర్‌కి అడ్డుపెట్టడానికి వాడితే ఈ చట్టం వర్తిస్తుంది అని తేల్చింది. నాలుగేళ్లు ఎక్కువా, తక్కువా? నాకైతే ఆ బెయిల్, ఆ శిక్ష రెండూ ఎక్కువే అనిపించాయి. ఒక్క రూపాయి దొంగిలించలేదు, ఒక్క సర్వీస్ ఆగలేదు. కానీ దోషి అనే మాటతో మాత్రం నేను గొడవపడను.

ఇదంతా పాత కథ, ఇప్పుడు అన్నీ మారిపోయాయి అనుకుంటున్నారా? 2023 అక్టోబర్ 16న సిస్కో ఒక హెచ్చరిక ఇచ్చింది. వాళ్ల ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్‌లో, బ్రౌజర్‌తో స్విచ్‌ని కంట్రోల్ చేసే వెబ్ పేజీ ఉంటుంది. అందులో ఒక రంధ్రం. అది ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే, ఏ పాస్‌వర్డూ లేకుండా బయటివాడు కొత్త అకౌంట్ క్రియేట్ చేసుకోవచ్చు. ఏ లెవెల్‌లో? మీరు చెప్పండి. అవును, 15. తీవ్రత స్కోరు పదికి పది. ప్యాచ్ వచ్చేలోపే వేల డబ్బాలు దొరికిపోయాయి. దొంగలు పెట్టుకున్న యూజర్‌నేమ్‌లు కూడా భలే తెలివిగా ఉన్నాయి, "సిస్కో సపోర్ట్" లాంటివి. లిస్టులో చూసినవాడు "ఇది కంపెనీవాళ్లదేలే" అని వదిలేస్తాడని. స్విచ్‌కి మాత్రం 15 అంటే 15. చైల్డ్స్ అయినా, మేయర్ అయినా, ఎక్కడో కూర్చున్న దొంగ అయినా దానికి ఒకటే.

కాబట్టి మీలో కొత్తగా నెట్‌వర్క్ ఉద్యోగంలో చేరినవాళ్లుంటే, మొదటి వారంలో ఒక పని చేయండి. మీ సీనియర్‌ని మర్యాదగా అడగండి: "అన్నా, మన స్విచ్‌లలో 15 ఎవరెవరికి ఉంది? టాకాక్స్ సర్వర్ పడిపోతే వాడే లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎక్కడుంది?" మంచి ఆఫీసుల్లో అది సీల్ వేసిన కవర్‌లో, బీరువాలో, ఇద్దరి సంతకాలతో ఉంటుంది. లేదంటే దానికోసమే ఉండే సాఫ్ట్‌వేర్‌లో. తీస్తే తీసినట్టు తెలుస్తుంది, వాడాక మారుస్తారు. "అది నాకు ఒక్కడికే తెలుసు" అని ఆయన గర్వంగా నవ్వితే, మీ మేనేజర్‌కి ఈ ఎపిసోడ్ లింక్ పంపండి. ఆయన పేరు రాయకుండా పంపండి, ఉద్యోగం జాగ్రత్త.

చైల్డ్స్ ఆ మీటింగ్‌లో ఏం చేసి ఉండాల్సింది? ఆ అధికారుల స్థానంలో మీరుంటే ఎలా అడిగేవాళ్లు? కామెంట్లలో రాయండి. సిస్కో, స్టాన్‌ఫర్డ్ కోడ్ గొడవ మీద ఎపిసోడ్ కావాలంటే అది కూడా చెప్పండి.